అటకమీది విద్యుత్తీగ: ప్రమాణగ్రంథము చెప్పినది, విడిచినది

ఇంటి వైరింగుకు మన దేశములో ఆధారగ్రంథము భారతీయ ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్. 732. 1989 నాటి ప్రతిని సవరించి 2019లో వెలువరించిన రూపము అంతర్జాతీయ ప్రమాణమైన ఐ.ఇ.సి. 60364 ను చాలవరకు అనుసరించినది. ఇట్టి గ్రంథమును విమర్శించుట సాహసమే. కాని సిద్దిపేట పాతవీధులలో ఒక పెంకుటింటి అటకను తలచుకొని దానిని చదివినచో కొన్ని సంగతులు తోచును.

పైన గూనపెంకులు, వాటిక్రింద వాసములు, దూలములు, దంతెలు. మూలన మక్కల బస్తాలు, పాతగుడ్డల మూటలు, ఎలుకలు. అన్నిటిక్రింద నిద్రించునది కుటుంబము.

ఈ గ్రంథపు గొప్పగుణము వేడిమిని లెక్కలోనికి తెచ్చుట. సాధారణమైన పి.వి.సి. తొడుగుగల తీగలో లోహము 70 డిగ్రీల సెంటిగ్రేడును మించి వేడెక్కరాదు. చుట్టునున్న గాలి 30 డిగ్రీలైనచో తీగ తన ప్రవాహమువలన మరి 40 డిగ్రీలు వేడెక్కవచ్చును. వేసవిలో పెంకులక్రింద గాలి 50 డిగ్రీలకు చేరెననుకొందము. ఇక మిగిలినది 20 మాత్రమే. వేడి సగమైనంత మాత్రమున ప్రవాహము సగము కానక్కరలేదు. వేడి ప్రవాహపు వర్గమును అనుసరించును గనుక 0.71 వంతు సరిపోవును. 14 ఆంపియర్లు మోయదగిన తీగ అటకమీద 10 మాత్రమే మోయవలెను. పట్టికలోని అంకెవెనుక ఉన్న న్యాయమింతే. దానిని పట్టికప్రక్కనే ఇట్లు విడమరచి చెప్పినచో పనివానికి ఎంత మేలు!

మరొక లెక్క. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగకు కిలోమీటరుకు సుమారు 12 ఓముల నిరోధము. 10 ఆంపియర్లు పారునప్పుడు పోవు తీగ, వచ్చు తీగ కలిసి మీటరుకు సుమారు 2.4 వాట్ల వేడినిచ్చును. గాలి తగిలినచో ఇది లెక్కకు రాదు. బస్తాక్రింద నలిగినచో పేరుకొనును. తీగ అమర్చిన తీరునుబట్టి ప్రవాహమును తగ్గింపుమని పట్టికలు చెప్పునుగాని, పనివాడు నిచ్చెన దిగిపోయిన తరువాత పేర్చిన బస్తాను ఏ పట్టిక ఎరుగును?

నా దృష్టిలో అసలు ప్రమాదము అతుకులలో ఉన్నది. రెండు తీగలను మెలిపెట్టి నల్లటేపు చుట్టినచోట అర ఓము నిరోధము ఏర్పడి 10 ఆంపియర్లు పారినచో 50 వాట్లు వెలువడును. మాటువేయు ఇనుపకడ్డీ వేడి అది! ఎం.సి.బి. దీనిని కనిపెట్టలేదు, ప్రవాహము హద్దు దాటలేదు గదా. 30 మిల్లీఆంపియర్ల లీకేజి బ్రేకరు మనిషికి తగిలిన షాకు విషయమున ప్రాణదాత; కాని ఎండిన కొయ్యలో కాగుచున్న అతుకునుండి భూమికి ప్రవాహము పోదు గనుక అదియు ఊరకుండును. అతుకు తనిఖీకి అందునట్లుండవలెనను నియమమున్నది. అది మొదటి పుటలో పెద్దక్షరములతో ఉండదగినది. ప్రతి అతుకు మూతగల పెట్టెలో స్క్రూ కనెక్టరుతో బిగించి, ఆ పెట్టె చేతికి అందునట్లుంచవలెను.

ఎలుకల విషయము గ్రంథములో జంతువులవలన కలుగు బాధలలో సంక్షేపముగా చేరిపోయినది. ఎలుక ముందుపళ్లు జీవితాంతము పెరుగుచుండును, కొరకక తప్పదు. ప్లాస్టిక్ గొట్టము దానికి పెద్ద అడ్డు కాదు. భూమికి కలిపిన ఇనుపగొట్టము ఖర్చెక్కువైనను అటకకు అదియే తగును. తీగ పోవు దారిని దూలముమీద ఎర్రరంగుతో గీచి ఉంచినచో, బస్తా ఎత్తువానికి ఎక్కడ దించరాదో తెలియును. ఇది గ్రంథము చెప్పినది కాదు, నేను కలుపుచున్నది.