నొప్పికి బదులుగా ఒక చెప్పు

ఎంసీఆర్ చెప్పులంటే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కుష్ఠు రోగులకు ఉచితంగా ఇచ్చే చెప్పులే చాలామందికి గుర్తొస్తాయి. అడుగున గట్టి రబ్బరు, పైన మెత్తటి షీటు, పాదం మీద రెండు పట్టీలు, మడమ వెనక ఇంకొకటి. షోకేసులో పెడితే ఎవరూ తిరిగి చూడరు. కానీ షుగరు వల్ల అరికాళ్లలో స్పర్శ పోయినవాళ్ల కోసం ఇంత ఆలోచించి చేసిన వస్తువు అరుదు. పాడైన నరం చేయలేని పనిని ఇందులో ఏదో ఒక భాగం నెత్తికెత్తుకుంటుంది.

రక్తంలో చక్కెర ఏళ్లపాటు ఎక్కువగా ఉంటే నరాలూ, వాటికి రక్తం అందించే సన్నటి నాళాలూ దెబ్బతింటాయి. నడుము నుంచి కాలివేళ్ల దాకా సాగే పొడవాటి నరాలకే ముందు ముప్పు. అందుకే తిమ్మిర్లు, మంటలు రెండు పాదాల్లోనూ వేళ్ల దగ్గర మొదలై మెల్లగా పైకి పాకుతాయి. ముదిరితే చెప్పు జారిపోయినా తెలియదు. నడిచేటప్పుడు మనం చెప్పును వేళ్లతో బిగించి పట్టుకుంటాం. ఆ పట్టు పోయినవాళ్లకే మడమ పట్టీ. హవాయి చెప్పుకున్నట్టు వేళ్ల సందులో పట్టీ ఉండదు. అది ఒరుసుకుని పుండు పడినా ఆ కాలికి తెలియదు మరి.

అసలు పనితనమంతా పైషీటులో ఉంది. అదే మైక్రోసెల్యులర్ రబ్బరు (ఎంసీఆర్), అంటే కంటికి ఆనని గాలిబుడగలు నిండిన రబ్బరు. సాధారణంగా మందం 10 మిల్లీమీటర్లు, గట్టితనం షోర్ కొలతలో 15 డిగ్రీలు. పనివాళ్లు మాత్రం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కి చూస్తారు. సగం మందానికి అణిగి, వదలగానే లేస్తే మంచి షీటు. మామూలు స్పాంజి ఇందుకు పనికిరాదు, బరువు పడగానే పూర్తిగా అణిగిపోతుంది. నరాలు దెబ్బతిన్న పాదంలో చిన్న కండరాలు బలహీనపడి వేళ్లు కొంకర్లు పోతాయి, వేళ్ల మొదళ్లలోని ఎముకలు కిందికి పొడుచుకొస్తాయి. ఒకేచోట ఒత్తిడి పడుతుంటే మామూలు మనిషి తనకు తెలియకుండానే కుంటుతూ ఆ చోటును కాపాడుకుంటాడు. స్పర్శ లేనివాడు అక్కడే మళ్లీ మళ్లీ బరువు మోపుతాడు. షీటు ఆ బరువును పాదమంతా పంచుతుంది.

కొలత తీసే పద్ధతీ ముచ్చటగొలుపుతుంది. మనిషిని కాగితం మీద నిలబెట్టి, పెన్సిలు నిటారుగా పట్టి పాదం చుట్టూ గీస్తారు. కూర్చోబెట్టి గీస్తే బరువుకు పాదం ఎంత పరుచుకుంటుందో తెలియదు. పట్టీలకు వెల్క్రో పెడతారు, సాయంత్రానికి పాదం వాస్తే వదులు చేసుకోవచ్చు. జిగురు, కుట్లే తప్ప మేకు వాడరు. అరిగిన చెప్పులోంచి పైకి లేచిన మేకు దిగబడినా తెలియని కాలది.

ఈ పనితనం వెనక పెద్ద చరిత్రే ఉంది. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, కుష్ఠులో వేళ్లు వాటంతటవే రాలిపోవని, నొప్పి తెలియక పదేపదే తగిలే దెబ్బలే వాటిని తినేస్తాయని గుర్తించాడు. స్పర్శ లేని పాదానికి తగిన చెప్పు కోసం అక్కడే కృషి చేశాడు. 1966లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి వెళ్లాక, ఆ అనుభవాన్ని షుగరు రోగుల పాదాలకూ అన్వయించాడు.

చెప్పు చేయలేనివీ ఉన్నాయి. నరాలు దెబ్బతిని చెమట ఆగిన పాదం పొడిబారి పగులుతుంది. దానికి రోజూ వ్యాజలీన్ రాసుకోవాల్సిందే, వేళ్ల సందుల్లో తప్ప. ఇప్పటికే పుండు ఉంటే చెప్పు మార్చి ఊరుకోకూడదు, వెంటనే డాక్టరుకు చూపించాలి. ఇక షుగరును అదుపులో పెట్టే పని ఏ చెప్పూ చేయదు.

మీకు షుగరుంటే ఏడాదికోసారి పాదాల పరీక్ష అడిగి చేయించుకోండి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలికి ఆనించి చూస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. ఆ పోగు తగలడం తెలియకపోతే తగిన చెప్పులు రాయించుకోండి. ఇంట్లోనూ వేసుకోండి, తొడిగే ముందు లోపల చేత్తో తడిమి చూడండి. షీటు నొక్కితే తిరిగి లేవడం మానేసిన రోజున, పైకి కొత్తగా కనిపించినా సరే, ఆ చెప్పు మార్చేయండి.