టైరు బేరం

టైర్ల షాపులో మనవాళ్ళ బేరాలు చూడటం నాకు మంచి కాలక్షేపం. జతకి మూడొందలు తగ్గించమని అరగంట నిలబడతారు. టైరు పక్కన పోతపోసిన నాలుగంకెలు మాత్రం ఎవరూ చదవరు. డాట్ అని మొదలయ్యే వరస చివర ఉంటాయవి. 1824 అంటే 2024లో 18వ వారం తయారైందని. అరలో కూర్చున్నా రబ్బరు ముదురుతూనే ఉంటుంది. ఏళ్ళ కిందటి సరుకని అంకెలు చూపించి అడిగితే వచ్చే తగ్గింపు, బతిమాలితే రాదు. బిగించకముందే చూడాలి సుమా. ఆ అంకెలు ఒకవైపే ఉంటాయి, బిగించాక లోపలివైపుకి పోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పాత ధర చెబితే ఆ సంగతీ అడగండి.

ఇక చవక టైరు. నాలుగు వేలది ముప్పై వేల కిలోమీటర్లకే గుండైపోయి, అయిదు వేలది యాభై వేలు తిరిగిందనుకోండి. మొదటిది కిలోమీటరుకి పదమూడు పైసలు దాటింది, రెండోది పది పైసలే.

అయితే ఆ యాభై వేలు రావడం కంపెనీ చేతిలో సగమే, మిగతా సగం గాలి చేతిలో. తక్కువైతే రెండంచులూ, ఎక్కువైతే నడుమా అరుగుతాయి. అంచు ఒకటే అరిగితే మాత్రం అలైన్‌మెంట్ చూపించాలి. మా బావగారికి ప్రతి మే నెలలోనూ ఒకటే పాట: "ఎండలకి టైరు పేలుద్దోయ్, నాలుగు పాయింట్లు తగ్గించి కొట్టించు." బెజవాడ ఎండలో ఆ మాట నమ్మబుద్ధేస్తుంది కూడా. జరిగేది తలకిందులు. గాలి తగ్గితే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువ నలుగుతుంది, నలిగినకొద్దీ వేడెక్కుతుంది. హైవే మీద వందలో పోతుంటే పేలే భయం అలాంటి టైరుకే ఎక్కువ. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఎన్ని పాయింట్లుంటే అన్నే, పొద్దున్నే బండి తీయకముందు చూసి కొట్టించాలి. నైట్రోజన్ అంటారా? మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంది. దానికి విడిగా డబ్బులిచ్చే ఉత్సాహం నాకైతే లేదు.

సెకండ్‌హ్యాండ్ టైర్ల జోలికి నేను పోను. అరిగినదానికి మళ్ళీ గాళ్ళు కోసి, నల్లగా పాలిష్ కొట్టి పెడతారు కొన్నిచోట్ల. ఆర్టీసీ వాళ్ళు వేయించే రీట్రెడింగ్‌కి దీనితో పోలికే లేదు. అక్కడ గట్టి బస్సు టైరుని పరీక్షించి పైన కొత్త రబ్బరు అతికిస్తారు. ఇక్కడ ఉన్న కాస్త రబ్బరునీ చెక్కేస్తారు.

గాళ్ళ అడుగున చిన్న చిన్న గట్లుంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తున. టైరు అరిగి వాటికి సమమైతే చట్టం ప్రకారం దాని పని అయిపోయింది. వానల్లో అంతదాకా లాగడం పొదుపు లెక్కలోకి రాదు.

నాలుగూ ఒకేసారి కొనలేక రెండే కొంటే, కొత్తవి ముందుకే వేస్తామంటాడు మెకానిక్. ఒప్పుకోకండి, వెనక్కి వేయించండి. తడిరోడ్డు మీద ముందు చక్రాలు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలావరకు దారికొస్తుంది. వెనకవి జారితే బండే గిర్రున తిరిగిపోతుంది.

ఒక్కటే కొని, రెండోదానికి స్టెప్నీ దించుదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. సైజూ కంపెనీ కలిసి, డేటు కూడా దగ్గరదైతే మంచి ఆలోచనే. కొన్ని కొత్త కార్లలో స్టెప్నీ సన్నగా ఉంటుంది, 80 వేగం దాటకూడదని దానిమీదే రాసుంటుంది. పెద్ద సైజుదే అయినా, ఎనిమిదేళ్ళు డిక్కీలో పడుకున్నదైతే అరగలేదని మురిసిపోకండి. అది పంక్చర్ షాపుదాకా మెల్లగా పోవడానికే.