విగ్రహంలో మిగలనిది

వీరుణ్ణి పొగడటానికి పాలకవర్గాలు ఏనాడూ వెనుకాడవు. ఆ వీరుడు ఎందుకు తిరగబడ్డాడో చెప్పవలసి వచ్చినప్పుడే వాటి గొంతు తగ్గుతుంది. దేశభక్తి పేరిట సాగే రాజకీయ వ్యాపారం ఈ మౌనం మీదే నడుస్తుందని నా అభిప్రాయం. గోదావరి జిల్లాల పాఠకులకు ఇందుకు అల్లూరి సీతారామరాజును మించిన ఉదాహరణ అక్కరలేదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలై, 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చిచంపిన తరువాత అణగారిన ఆ తిరుగుబాటుకు మూలం కేవలం తెల్లదొరల మీద ద్వేషం కాదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కొండప్రజల పోడుకు అడ్డుపడింది. రోడ్డు పనుల్లో వారిచేత వెట్టి చేయించారు. గాం గంటందొర, మల్లుదొర వంటివారు రాజు వెంట నడవడానికి ఈ భౌతిక కారణాలున్నాయి.

కళారూపాలు ఈ కారణాలను ఏం చేశాయి? 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రానికి శ్రీశ్రీ రాసిన ఉద్బోధగీతం జాతీయ బహుమతి పొందింది. కొండ సంపదను, కష్టజీవి కండబలాన్ని మింగేవాడి ప్రస్తావన ఆ పాటలో ఉంది. కాని నేను విన్న రాజకీయ సభలన్నిటిలో పల్లవి ఒక్కటే మోగింది. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ మరింత దూరం పోయింది. అది కల్పిత కథేనని దర్శకుడు ముందే చెప్పాడు, నిజమే. కాని కల్పనకూ రాజకీయం ఉంటుంది. అందులో రామరాజు కాషాయం కట్టి, విల్లు పట్టి, రామాయణ రాముడవుతాడు. చరిత్రలో భూమి కోసం, అడవి కోసం పోరాడిన కొమరం భీం చివరకు ఆయన్ని చదువు చెప్పించమని కోరతాడు. హక్కుదారు అర్థిగా మారిపోయాడు.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రప్రభుత్వం రాజు పేర జిల్లా ఏర్పరచింది. జూలై 4న ప్రధాని మోదీ భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించి, మల్లుదొర కుమారుణ్ణి సన్మానించారు. పన్నెండో రోజున భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. ఆ వరదలో, రాజు పేరు పెట్టిన ఆ జిల్లాలోనే, చింతూరు, కూనవరం మండలాల గూడేలు మునిగాయి. పోలవరం ముంపు ప్రాంతం అది. ఆ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూసే డెల్టాలోనే విగ్రహం నిలిచింది. ఈ సంగతి మనల్ని, డెల్టా రచయితలను, ఇబ్బంది పెట్టాలి.

పురాణపురుషుడికి పూలదండ వేస్తే సరిపోతుంది. తిరుగుబాటుదారుడి ప్రశ్నకు జవాబు చెప్పాలి. అందుకే అన్ని పార్టీలకూ మొదటివాడే కావాలి. రాజు మీద కలం పట్టే యువ రచయితలు విల్లునూ గడ్డాన్నీ కాస్త పక్కనపెట్టి పోడు గురించి, వెట్టి గురించి, నేటి నిర్వాసితుడి గురించి రాయాలి. అలా రాసిన దాన్ని వేదికల మీద వాడుకోవడం అంత సులభం కాదు.