పికప్ తొట్టి: వంగి చూస్తేనే తెలిసే పనితనం

పుదుచ్చేరి లాస్‌పేటలో విమానాశ్రయం దారిలో కాసేపు నిలబడితే చాలు, రకరకాల పికప్ బండ్లు కళ్ల ముందు నుంచి పోతుంటాయి. ఒకదాని మీద గ్యాస్ సిలిండర్లు, మరోదాని మీద తాగునీటి క్యాన్లు, ఇంకోదాని మీద తెంగాయ్‌తిట్టు చేపల రేవు నుంచి వస్తున్న ఐసు పెట్టెలు. 2005లో వచ్చి ఇక్కడివాళ్ల నోట ‘కుట్టి యానై’ (చిన్న ఏనుగు) అయిపోయిన టాటా ఏస్ మొదలుకొని బొలెరో, దోస్త్ దాకా అన్నీ ఆ వరసలో ఉంటాయి. ముందున్న క్యాబిన్ కంపెనీది, ఏ ఊళ్లో చూసినా ఒకటే. వెనక తొట్టి సంగతి వేరు. కొన్ని బండ్లకు దాన్ని ఏదో ఒక షెడ్డులో ఒక వెల్డరు, ఒక వడ్రంగి, ఒక పెయింటరు కలిసి, మోయబోయే సరుకును బట్టి కొలిచి, కోసి, అతికి కట్టి ఉంటారు. మనం చూసేది దాని రంగూ, దాని మీద రాసిన దేవుడి పేరూ. అసలు పనితనం బండి కింద ఉంటుంది. దాన్ని చూడాలంటే వంగాలి.

ముందు క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య ఉన్న ఖాళీని చూడండి. అది కొలత తప్పి మిగిలింది కాదు, తెలిసి వదిలింది. పికప్‌కు వెన్నెముక నిచ్చెన చాసిస్: పొడుగునా రెండు ఉక్కు పట్టాలు, వాటిని కలుపుతూ అడ్డ దూలాలు. బరువుతో ఉన్న బండి గుంతలోకి ఒక చక్రం దించితే ఈ నిచ్చెన కొద్దిగా మెలి తిరుగుతుంది. క్యాబిన్ ఒకవైపుకు, తొట్టి మరోవైపుకు ఒరుగుతాయి. ఆ కదలికకు చోటుంటే చాసిస్ వందల గుంతలు దాటి మళ్లీ తన ఆకారానికి వస్తుంది. చోటు లేకుండా రెండిటినీ కలిపి బిగించేస్తే, మెలి తిప్పే ఆ బలమంతా ఏదో ఒక మూలకు చేరి అక్కడ పగులు పుట్టిస్తుంది. తొట్టి కట్టడంలో మొదటి తెలివి ఇదే: ఎక్కడ బిగించాలో తెలియడం కన్నా ఎక్కడ వదలాలో తెలియడం.

ఇప్పుడు పక్కనుంచి వంగి, తొట్టి చాసిస్ మీద కూర్చున్న చోటు చూడండి. తొట్టిని నేరుగా చాసిస్ మీద పెట్టరు. మధ్యలో సబ్‌ఫ్రేమ్ అనే మరో చట్రం ఉంటుంది. ఇనుము మీద ఇనుము రాసుకుని అరిగిపోకుండా ఆ రెండిటి నడుమ గట్టి చెక్క పట్టీనో, రబ్బరు పట్టీనో పరుస్తారు. సబ్‌ఫ్రేమ్ ముందు కొస, క్యాబిన్ వైపున్నది, నిలువుగా కోసేసినట్టు ఉందా, ఏటవాలుగా సన్నబడిందా? మంచి పనివాడు దాన్ని ఏటవాలుగానే కోస్తాడు. నిలువుగా వదిలేస్తే అక్కడిదాకా రెండింతలుగా ఉన్న బలం ఒక్కసారిగా సగానికి పడిపోతుంది, చాసిస్ ఆ గీత దగ్గరే విరగడానికి చూస్తుంది. వాలుగా కోస్తే బరువు నెమ్మదిగా దిగుతుంది. ఇందుకు ఖర్చయ్యేది గ్యాస్ కటింగ్‌లో రెండు నిమిషాలు. దాంతో పెరిగేది బండి ఆయుష్షు.

చాసిస్‌నూ సబ్‌ఫ్రేమ్‌నూ పట్టి ఉంచేవి యు-బోల్టులు. చాసిస్ పట్టా అడ్డకోత ఇంగ్లీషు ‘సి’ అక్షరంలా ఉంటుంది: పైనా కిందా రెండు రెక్కలు, మధ్య నిలువు గోడ. యు-బోల్టు నట్టును గట్టిగా తిప్పితే ఆ రెక్కలు లోపలికి ముడుచుకుపోతాయి. అందుకే తెలిసినవాడు బోల్టు వచ్చే చోట ‘సి’ లోపల కచ్చితంగా పట్టేలా ఒక దిమ్మ దూరుస్తాడు. గట్టి చెక్కైనా సరే, ఇనుప గొట్టం ముక్కైనా సరే. సైలెన్సర్ వేడి తగిలే చోట మాత్రం చెక్క పెట్టడు. బండి బయటి నుంచి ఈ దిమ్మ ఎవరికీ కనబడదు, లేకపోయినా మొదటి ఏడాది ఎవరికీ తెలియదు. చట్రానికి రంధ్రం వేయక తప్పకపోతే నిలువు గోడకే వేస్తాడు, రెక్క జోలికి పోడు. వంపు వల్ల వచ్చే ఒత్తిడి ఎక్కువగా మోసేది రెక్కలే కనుక, అక్కడి ప్రతి రంధ్రమూ ఒక పగులుకు పుట్టిల్లవుతుంది. చాసిస్ పట్టా మీద వెల్డింగ్ పెట్టకపోవడం కూడా అందుకే. ఆ వేడికి ఉక్కు గుణం మారిపోతుంది.

వెల్డింగ్ పనిలో ఓపిక కూడా చూడదగ్గదే. పలుచని రేకు మీద ఒక చివర మొదలుపెట్టి రెండో చివరిదాకా ఏకధాటిగా అతుకు వేస్తే వేడికి రేకు లాగేసి, తొట్టి మూల తిరిగిపోతుంది. అందుకని ముందు అక్కడక్కడా ట్యాక్‌లు, అంటే చిన్న తాత్కాలిక అతుకులు, పెట్టి నిలబెడతారు. తర్వాత టేపు తీసి ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలుస్తారు, మళ్లీ రెండో కర్ణం కొలుస్తారు. రెండు కొలతలూ ఒకటైతేనే చట్రం మూలలు లంబకోణంలో ఉన్నట్టు. తేడా వస్తే ట్యాక్ విడగొట్టి, సుత్తితో సరిచేసి, మళ్లీ కొలవాలి. ఆ తర్వాతే అసలు అతుకు: ఇక్కడ రెండంగుళాలు, అటు చివర రెండంగుళాలు, వేడి ఒక్కచోట పోగుపడకుండా. ఈ కాలపు బండ్లలో ఎలక్ట్రానిక్ బుర్రలుంటాయి కాబట్టి ముందే బ్యాటరీ తీగలు విప్పేస్తారు. వెల్డింగ్ ఎర్త్‌ను అతుకుకు పక్కనే తగిలిస్తారు. దూరంగా తగిలిస్తే కరెంటు చక్రాల బేరింగుల గుండా దారి వెతుక్కుని వాటిని పాడు చేస్తుంది.

గట్టిగా ఉండాలని ఇనుము పోగేయడం పనితనం కాదు. రెండున్నర మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు ఉన్న తొట్టి నేలకు 2 మిల్లీమీటర్ల రేకు వేస్తే బరువు సుమారు 67 కిలోలు. అదే 3 మిల్లీమీటర్లది వేస్తే 100 కిలోలు. ఆ ఒక్క మిల్లీమీటరు వల్ల యజమాని ప్రతి ట్రిప్పులో 33 కిలోల సరుకు వదులుకోవాలి, బండి ఉన్నన్నాళ్లూ. అందుకే నేర్పరి రేకు మందం పెంచే బదులు కింద అడ్డ దూలాలను దగ్గర దగ్గరగా వేస్తాడు. తొట్టి ఎక్కడ కూర్చోవాలన్నదీ లెక్కే. బరువు కేంద్రం వెనక ఇరుసుకు కాస్త ముందుండాలి. వెనక్కి జరిగితే ముందు చక్రాలు తేలికపడి స్టీరింగ్ పట్టు తప్పుతుంది. వెనక ఇరుసు దాటి వేలాడే భాగం రెండు ఇరుసుల మధ్య దూరంలో 60 శాతం మించకూడదని మోటారు వాహనాల నియమాలూ చెబుతున్నాయి.

లాస్‌పేటకు సముద్రం దగ్గర. ఇక్కడి తొట్టికి అసలు పరీక్ష పెట్టేది ఉప్పుగాలి. చేపల బండైతే ఐసు కరిగిన ఉప్పునీరు రోజూ నేల మీద పారుతుంది. ఉప్పు తేమను లాగి పట్టి ఉంచుతుంది కాబట్టి రాత్రి నిలిపిన బండి కూడా తుప్పు పడుతూనే ఉంటుంది. తుప్పు మొదలయ్యేది మనకు కనిపించే చదును మీద కాదు, ఒక రేకు మీద మరో రేకు ఎక్కిన సందులో. అక్కడికి నీరు పోతుంది, గాలి పోదు. సముద్రం ఒడ్డున పనిచేసే మంచి వెల్డరు ఆ సందును పూర్తిగా అతికేస్తాడు, లేదా సీలెంట్‌తో నింపుతాడు. పెట్టె గొట్టాల కొసలను గాలి చొరకుండా మూసేస్తాడు, లేదా అడుగున నీరు కారేందుకు రంధ్రం వదులుతాడు. సగం మూసి సగం వదలడం అన్నిటికన్నా చెరుపు. జింకు పూత రేకు వాడితే వెల్డింగ్ పెట్టిన చోట పూత కాలిపోతుంది కనుక అక్కడ మళ్లీ జింకు పెయింట్ వేయాలి. జింకు కాలిన పొగ ఒంటికి మంచిది కాదు, గాలి ఆడే చోటే ఆ వెల్డింగ్ చేయాలి. ఉక్కుకు అల్యూమినియం పట్టీ బిగిస్తే మధ్యలో రబ్బరు తప్పనిసరి. ఉప్పునీటిలో ఆ రెండు లోహాలూ తగిలితే అల్యూమినియం తినుకుపోతుంది. ఇంత చేశాక రెడ్ ఆక్సైడ్, లప్పం, రంగు. లప్పం కింద ఏం దాచారో, ఏం దాచలేదో రెండు వానాకాలాల్లో బయటపడుతుంది.

ఈ విద్య తెలుగువాళ్లకు కొత్తది కాదు. ఎడ్లబండి కట్టిన రోజుల నుంచీ వడ్రంగీ కమ్మరీ ఒకే వస్తువు మీద పక్కపక్కన నిలబడ్డారు. ఒకరు ఆకులూ నొగలూ చెక్కితే, మరొకరు ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి చక్రానికి ఎక్కించి నీళ్లు పోసి బిగించారు. 1966లో ఏర్పడిన విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఆ జంట పని లారీ బాడీలకు మళ్లింది. చెక్క పని, వెల్డింగ్, కమాన్ కట్టలు, రేడియేటర్లు, రంగులు, ఒక్కొక్క పనికి ఒక్కొక్క షెడ్డు. మన పక్కన తమిళనాడులో నామక్కల్ లారీ బాడీలకు, కరూర్ బస్సు బాడీలకు ఇలాగే పేరు తెచ్చుకున్నాయి. ఇక పికప్‌లే పుట్టే చోటు కూడా తెలుగు నేల మీద ఉంది: 2016 ఏప్రిల్‌లో శ్రీసిటీలో మొదలైన ఇసుజు కర్మాగారం. అక్కడి డి-మాక్స్ పికప్‌ను తొట్టి లేకుండా, క్యాబిన్ చాసిస్‌గా కూడా అమ్ముతారు. మిగతా సగం మీ ఊరి పనివాడు పూర్తి చేయాలన్నది అందులోని ఒప్పందం.

నిజానికి పికప్ పుట్టిందే సొంత చేతులతో. అమెరికా రైతులు మోడల్ టి కార్ల వెనక భాగం తీసేసి చెక్క పెట్టెలు బిగించుకోవడం చూశాకే, ఫోర్డ్ కంపెనీ 1925 ఏప్రిల్‌లో 281 డాలర్లకు ఫ్యాక్టరీ తొట్టితో బండి ఇచ్చింది. ఆదివారం చర్చికి వెళ్లడానికీ, సోమవారం పందులను సంతకు తోలడానికీ ఒకే బండి కావాలని ఆస్ట్రేలియాలో ఒక రైతు భార్య రాసిన ఉత్తరానికి జవాబుగా ఫోర్డ్ ఇంజినీరు లూయిస్ బ్యాండ్ట్ 1934లో ‘యూట్’ తెచ్చాడు. ఆయన క్యాబిన్‌నూ తొట్టినీ ఒకే ఒంటిగా కలిపాడు. ఖాళీ వదలడం ఒక జవాబైతే, కలిపేసి పక్కలను బలపరచడం మరో జవాబు. చాసిస్ అడిగే ప్రశ్న మాత్రం ఒకటే.

సొంత షెడ్డులో బండి కట్టడంలో ఎంత దూరం పోవచ్చో హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో చూడవచ్చు. కన్యబోయిన సుధాకర్ అక్కడ బూటు, బ్యాటు, కెమెరా, బర్గర్ ఆకారాల్లో నడిచే బండ్లను నిలబెట్టారు. 2005 జూలై 1న ఆయన నడిపిన 12.67 మీటర్ల ఎత్తు మూడు చక్రాల సైకిల్ గిన్నిస్‌కెక్కింది. ఆకారం చూసి నవ్వుకునే పిల్లవాడికి కూడా అక్కడ ఒక పాఠం అందుతుంది: పైన ఏ రూపం కట్టినా, కింద చట్రం, ఇరుసు, స్టీరింగ్, బ్రేకు అబద్ధం చెప్పకూడదు.

రోడ్డు మీద తిప్పాలంటే చట్టాన్నీ అంతే శ్రద్ధగా చూడాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు, తయారీదారు ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. కారు వెనక భాగం కోసేసి పికప్ చేస్తామంటే కుదరదు. తొట్టి లేని చాసిస్ కొని, ఆమోదం పొందిన నమూనాలో బాడీ కట్టించి రిజిస్టర్ చేయించుకోవడమే సరైన దారి. బాడీ కట్టే షెడ్డులో ఉన్న చాసిస్‌కు తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు పొడిగించే వీలూ చట్టంలో ఉంది. అంటే ఈ పని దేశంలో ఉందని, దానికి సమయం పడుతుందని చట్టమే గుర్తించింది.

మనం గుర్తించాల్సింది ఆ పని చేసే మనిషిని. ఐటీఐల్లో ఆటో బాడీ రిపేరు, ఆటో బాడీ పెయింటింగ్ కోర్సులున్నాయి. లాస్‌పేటలోనే మోతీలాల్ నెహ్రూ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. ‘సి’ చానల్‌లో దిమ్మ ఎందుకు పెట్టాలో లెక్క వేసి చెప్పగల విద్యార్థీ, లెక్క తెలియకపోయినా ఏళ్ల తరబడి తప్పకుండా పెడుతున్న మేస్త్రీ ఒకే చాసిస్ కింద పక్కపక్కన కూర్చుంటే ఇద్దరికీ లాభమే. ఒకరి లెక్క చేతికొస్తుంది, మరొకరి చేతి పని పుస్తకానికెక్కుతుంది. బండి కొనేవాళ్లు చేయగలిగిందీ ఉంది. తొట్టి కట్టించేటప్పుడు రంగు గురించి బేరమాడే ముందు, సబ్‌ఫ్రేమ్ కొస ఎలా కోశారో, బోల్టుల దగ్గర ఏం పెట్టారో, నీరు ఎటు పోతుందో అడగండి. ఆ ప్రశ్నకు మంచి మేస్త్రీ ముఖం విప్పారుతుంది, జవాబు వివరంగా చెబుతాడు. ఆ జవాబుకు తగ్గ కూలి ఇవ్వడం మన బాధ్యత. ఎందుకంటే రేపు ఆ బండి మీద బరువు వేసి, దాన్ని నమ్మి రోడ్డెక్కేది మనమే.