పోగుకూ రెసిన్‌కూ పొత్తు కుదిర్చే పని

బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం కాంపోజిట్లే, అంటే పోగులను రెసిన్‌లో పొదిగి చేసిన పదార్థాలే. వాటి బలం గురించి మాట్లాడేటప్పుడు అందరూ కార్బన్ ఫైబర్‌నే పొగుడుతారు. నా మెప్పు మాత్రం ఆ ఫైబర్ పైపొరను సిద్ధం చేసేవాళ్లకు.

కొలిమి దాటి వచ్చిన కార్బన్ పోగు మందం 5 నుంచి 7 మైక్రాన్లు. దాని ఒళ్లంతా నున్నన, దేనితోనూ తేలిగ్గా కలవని గ్రాఫైట్ స్వభావం. ఎపాక్సీ రెసిన్ దానికి సరిగా అంటదు. అందుకే వేల పోగుల కట్టను అమ్మోనియం బైకార్బనేట్ లాంటి ద్రావణంలో నడిపిస్తూ, ఆ కట్టనే ఆనోడ్‌గా చేసి కరెంటు పంపుతారు. పైపొర మీద ఆక్సిజన్ ఉన్న రసాయన సమూహాలు పుడతాయి. రెసిన్ వాటిని పట్టుకుంటుంది. తర్వాత కడిగి, ఆరబెట్టి, నేతగాళ్లు పడుగుకు గంజి పట్టించినట్టు పల్చటి సైజింగ్ పూస్తారు. అది బరువులో సుమారు 1 శాతమే.

నేర్పంతా మోతాదులో ఉంది. కరెంటు తక్కువైతే పోగులు రెసిన్‌లోంచి ఊడొస్తాయి, పొరలు విడిపోతాయి. ఎక్కువైతే పోగే దెబ్బతింటుంది. పట్టు మరీ బిగిసినా చిక్కే: రెసిన్‌లో పుట్టిన పగులు పక్కకు మళ్లకుండా పోగులను తెంచుకుంటూ పోతుంది. కంటికి ఆనని ఈ తేడాను, పొట్టి కాంపోజిట్ పట్టీలను వంచి, పొరలు ఎంత బరువుకు జారాయో చూసి పసిగట్టేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

కార్బన్ ఫైబర్ కొనేవాళ్లకు ఒక మాట: బలం అంకెలతో పాటు, సైజింగ్ ఏ రెసిన్ కోసం వేశారో కూడా అడగండి. ఎపాక్సీ కోసం పూసినది పీక్ (PEEK) లాంటి థర్మోప్లాస్టిక్‌ను కరిగించే వేడికి నిలవదు.