మోదుగు పువ్వు రంగు

తెలుగు కవిత్వంలో మోదుగు పువ్వంటే నెత్తురు, నిప్పు, తిరుగుబాటు. మన మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య గారు తన నవలకు ‘మోదుగుపూలు’ అని పేరు పెట్టారు. ఆ పేరుతో మాకు పేచీ లేదు, అది ఆయన ఊరి చెట్టే. పువ్వును దూరంనుంచి చూసి, చెట్టు దగ్గరికి పోకుండానే ఎరుపని రాసేసిన తర్వాతి వాళ్లతోనే మా పేచీ.

చెట్టు మీద మోదుగు ఎర్రగా కనిపించే మాట నిజమే. కుండలో మాత్రం అది పసుపు. కాముని పున్నమికి పూలు నానేసి చల్లుకున్న పిల్లలెవరినడిగినా చెబుతారు. పటిక కలిస్తే నిండు పసుపు, సున్నపు నీళ్లు తగిలితే నారింజ, ఇనుము తగిలితే మురికి పచ్చ. నూలు బట్టకు పటిక ఒక్కటే సరిగ్గా పట్టదు. ముందు కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేయాలి, ఆ వగరే పటికను పట్టి ఉంచుతుంది. ఆ తర్వాత బట్ట బరువుకు సమంగా ఎండు పూలు తీసుకుని, రాత్రంతా నానేసి, పొద్దున సన్నని సెగ మీద కాచి, వడగట్టి, అందులో బట్ట ముంచాలి. ఇంత చేసినా రంగు ఎండకు, సబ్బుకు వెలుస్తుంది. ‘ప్రకృతి రంగులు’ అని మురిసిపోయే వ్యాసాలు ఈ సంగతి దాచేస్తాయి.

ఎరుపే కావాలంటే మోదుగులోనే ఉంది, పువ్వులో కాదు, కొమ్మను పట్టుకుని బతికే లక్క పురుగులో. పట్టును, ఉన్నిని ఎర్రగా అద్దింది ఆ లక్కే. మేము చదివిన కవితల్లో ఆ పురుగు ఎక్కడా తగల్లేదు.

రంగు వెనకున్న చేతిని చూపిన రచన లేకపోలేదు. 1859లో బెంగాల్‌లో నీలిమందు రైతులు తిరగబడ్డారు. మరుసటి ఏడాదే దీనబంధు మిత్ర రాసిన ‘నీల్ దర్పణ్’ నాటకం అచ్చయింది. అందులో నీలం పోలిక కాదు, తోటల దొరలు రైతు మెడకు కట్టిన అప్పు. మన దగ్గర కలంకారీ మీద ఎన్నో వ్యాసాలొచ్చాయి. శ్రీకాళహస్తి కలాన్ని, పెడన అచ్చును పొగుడుతారు, మంచిదే. గుడ్డను కరక్కాయలో, బర్రెపాలలో నానబెట్టే పద్ధతీ రాస్తారు. ఆ కరక్కాయను అడవిలో ఏరి, ఎండబెట్టి, జీసీసీకి తూకమేసిన ఆడమనిషికి మాత్రం ఒక్క వాక్యం దక్కదు. ఆమె లేకపోతే ఆ గుడ్డ మీద నలుపు నిలవదు.

ఇప్పుడు మా గూడేల, తండాల పిల్లలు రాసే కవితల్లో కూడా మోదుగు నెత్తురుగానే పూస్తోంది. కాముని పున్నమినాడు పసుపు నీళ్లలో తడిసిన పిల్లలే మర్నాడు తరగతిలో ఎరుపని రాస్తున్నారు. పుస్తకంలోని పోలిక కంటితో చూసినదాన్ని పక్కకు నెట్టింది. అందుకే తోటి టీచర్లను అడుగుతున్నాం. స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ఫాల్గుణంలో మోదుగు పూలకు కొదవలేదు. ‘మోదుగు’ మీద కవిత రాయమనే ముందు ఒక కుండ, కాస్త పటిక, పాత తెల్ల గుడ్డ తెప్పించండి. గుడ్డ ఆరాక ఆ రంగును కోయలో ఏమంటారో, లంబాడీలో ఏమంటారో ఇంట్లో అడిగి రమ్మనండి. పోలిక సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.