ఏమని పిలవను?

అమాస రాత్రి నెల్లూరు కడలొడ్డున, రెండు తాటిచెట్ల నడుమ తెల్లదుప్పటి కట్టి, పట్టపు పాళెమంతా ఇసుకలో కూర్చోగా, హైతీ కథ ఆడించాలని నాకొక కోరిక. గాలికి ఆ దుప్పటి తెరచాపలా ఉబ్బుతుంది. ఉప్పుతడి నిండిన చీకట్లో బొమ్మలు కదులుతాయి.

చెరకు తోటలు. కొరడా చారలు. చెమటా నెత్తురూ ఒకే బాణలిలో మరిగి చక్కెరయ్యే వంటలు. 1791 ఆగస్టులో ఆ తోటలు భగ్గుమంటాయి. వంగిన బానిస నడుములు విల్లులై లేస్తాయి. వాళ్ల నాయకుడు టూసాన్ లూవర్చూర్ 1803 ఏప్రిల్‌లో, ఫ్రాన్సులో, జురా కొండల కోటచెరలో, ఎండదేశపు దీపంలా చలికి ఆరిపోతాడు. అతడంటించిన వత్తి మాత్రం ఆరదు. 1804 జనవరి 1న ఆ నేల దొరలు పెట్టిన పేరు చెరిపేసి, తొలివాసుల నోటి పాతపేరు తిరిగి తొడుక్కుంటుంది: హైతీ, కొండలసీమ. ఆ స్వేచ్ఛకూ వెల కట్టారు. 1825లో ఫ్రెంచి రాజు 15 కోట్ల ఫ్రాంకులు అడిగాడు. దాని కోసం చేసిన అప్పులు 1947 దాకా ఆ బిడ్డల కంచాల్లో చెయ్యిపెట్టాయి.

"మన గట్టున ఇట్టాంటియ్యి జరగలేదా అబ్బయా?" అని ఒక అవ్వ అడుగుతుంది.

జరిగాయవ్వా. రాజహంసల రెక్కల గులాబీ రంగును పొద్దస్తమానం అద్దంలో చూసుకునే మన ప్రళయ కావేరికి కడుపులో దాగిన కడగండ్లున్నాయి. ఆ సరస్సు దక్షిణపు వాకిట, పళవేర్కాడులో, 1613లో వలందావారు, అంటే డచ్చివాళ్లు, గెల్డ్రియా కోట కట్టారు. ముందు మగ్గాల మీది బట్ట ఓడలకెక్కింది. మబ్బు మొహం చాటేసిన ఏళ్లలో మనిషినీ ఎక్కించారు. 1618–20లో, 1645–46లో, 1659–61లో కోరమండల తీరాన కరువు కోరలు చాస్తే, ఎండిన రొమ్ముల తల్లులు ఒడిలోని బిడ్డను అంగట్లో పెట్టారు. జావా దీవిలోని బటేవియా మింగింది కొందరిని, సింహళం కొందరిని, ఆఫ్రికా దక్షిణపు కొసన కేప్ కొందరిని. కేప్ పద్దుల్లో వాళ్లకు ఇంటిపేరుగా 'కోరమండలం' అని రాశారు. ముందు, కొన్న దొర పెట్టిన పేరు. వెనక, అమ్మిన తీరం పేరు. అమ్మ పెట్టిన పేరేదీ?

వలందా దొరలు పళవేర్కాడులో పేర్లు చెక్కిన రాళ్ల కింద నిద్రపోతున్నారు. ఆ శ్మశాన ద్వారానికి రాతి అస్థిపంజరాలు కాపలా. హైతీ స్వేచ్ఛకు వెల కట్టిన 1825లోనే ఆ పట్నం వలందాల చేతి నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి మారింది. కోట చేతులు మారితే కాగితం పుట్టింది. బిడ్డ చేతులు మారితే అల మీది రాతైంది.

తెర మీద వెలుగు ఆరుతుంది. ఇసుకలో నిద్రపోయిన పిల్లల్ని తల్లులు పేరుపేరునా పిలుస్తారు. ఒక్కో పేరుకూ ఒక్కో బిడ్డ కళ్లు నులుముకుంటూ లేచొస్తాడు. అవ్వ మాత్రం లేవదు. నీళ్ల వైపే చూస్తూ నోరు తెరుస్తుంది.

పిలవాలనే ఉంది. ఏమని పిలుస్తుంది?